నలభై ఏడో నంబరు చొక్కా

ప్రభుత్వ కార్యాలయాల్లో ఏ కాగితానికైనా అడుగున ఒక అడ్డగీత ఉంటుంది. గీతకు పైన ఉండేది విషయం. కింద ఉండేది, ఆ కాగితం నకళ్లు ఎవరెవరికి పంపాలో తెలిపే జాబితా. జాబితాలో తన పేరు ఉందో లేదో చూసుకోవడానికి తప్ప ఆ గీత కిందికి ఎవరూ దిగరు. ముప్పై మూడేళ్లు విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం బోధించిన నాకు ఈ ఆచారం తెలియదు. అందువల్ల నా నివేదికలోని అతి ముఖ్యమైన వాక్యాన్ని శాస్త్ర గ్రంథాల పద్ధతిలో ఒక అడ్డగీత గీసి, దాని కింద చిన్న అక్షరాల్లో పాదసూచికగా రాశాను. తరువాత జరిగినదంతా దాని పర్యవసానమే.

నివేదిక ఒక చొక్కా గురించి.

మన్నేరుపాడు సముద్రపు ఒడ్డు ఊరు. ఊరికి ఒక పక్క మగ్గాలు, ఇంకో పక్క ఉప్పు కొటార్లు. కుళాయి నీళ్లలో కందిపప్పు ఉడకదు. అయినా పురపాలక సంఘం హాల్లో ‘మధుర జల పురస్కారం’ అనే ఇత్తడి ఫలకం వేలాడుతూ ఉంటుంది. రెండేళ్ల కిందట మే నెలలో గద్దల యోహాను అనే పారిశుధ్య కార్మికుడు చేపల మార్కెట్టు దగ్గర కాలవ తీస్తూ వడదెబ్బకు పడిపోయి చనిపోయాడు. ఆయన భార్య ఎస్తేరమ్మది కూడా అదే పని. ఆ రోజు ఆమె అదే కాలవలో పది గజాల దూరంలో ఉంది. మా వీధి ఊడ్చేది ఆమే.

“మంచినీళ్లడిగాడమ్మా,” అని నెల తరువాత మా గుమ్మం ముందు చీపురు పట్టుకుని నిలబడి చెప్పింది. “బండిలో ఉన్నయ్యి కాలవ కడిగే నీళ్లు. నేను మంచినీళ్లు తెచ్చే లోపల ఐపోయింది. చొక్కా మీదంతా ఉప్పు, తెల్లగా పొర గట్టింది.”

ఉప్పు అనే ఆ మాట నన్ను మళ్లీ ప్రయోగశాలకు పంపింది. నా పాత విద్యార్థులు కొందరు అక్కడే అధ్యాపకులుగా ఉన్నారు. నూలు పోగుకు కార్బన్ సిరా పట్టించి, దాని మీద సోడియాన్ని మాత్రమే గుర్తుపట్టే పల్చటి పొర పూశాం. పోలిక కోసం దాని పక్కనే వెండి లవణం పూసిన మరో పోగు. రెండూ చెమటకు తడిస్తే వాటి మధ్య అతి స్వల్పమైన విద్యుత్ భేదం పుడుతుంది. చెమటలో ఉప్పెంతో అది చెబుతుంది. మా ఊరి నేతగాడు బుచ్చిలింగం “ఈ నల్లపోగు మొండిదమ్మగారూ, నాడెలో నిలబడి చావదు” అని తిట్టుకుంటూనే ఆ పోగులను పేకలో, అంటే అడ్డపోగుల్లో, కలిపి నేశాడు. కాలరు కింద బొత్తామంత పరికరం కుట్టాం. ఉప్పు హద్దు దాటితే దాని మీద ఎర్రదీపం వెలుగుతుంది, లేకుంటే పచ్చదీపం. ఆ అంకె పురపాలక కార్యాలయంలోని కంప్యూటరుకు కూడా చేరుతుంది. ఎర్రదీపానికి అర్థం ఒకటే: పని ఆపు, నీడకు వెళ్లు, మంచినీళ్లు తాగు.

పురపాలక సంఘానికి ఇచ్చిన నివేదికలో నేను ఇలా రాశాను: “శ్రమ పెరిగే కొద్దీ చెమటలో సోడియం పెరుగుతుంది.” ఆ వాక్యం చివర ఒక చుక్క గుర్తు పెట్టి, గీత కింద ఇలా రాశాను: “అయితే ఏళ్ల తరబడి ఎండలో పనిచేసిన శరీరం ఉప్పును దాచుకోవడం నేర్చుకుంటుంది. అటువంటి వారికి చెమట ధారలు కట్టినా అందులో ఉప్పు తక్కువ. కనుక ఈ అంకెతో ఒకరి పనిని మరొకరి పనితో పోల్చరాదు.”

హెడ్ క్లర్కు సుందరశివరావు ఆ నివేదికను కమిషనరు గారి కోసం ఒక పేజీకి కుదించాడు. గీత పైనున్న వాక్యాన్ని పొల్లుపోకుండా ఎత్తి రాశాడు. కింద ఉన్నది నకళ్ల జాబితా అనుకుని వదిలేశాడు. ఆయన నిజాయితీపరుడు. “నా పేరుందేమోనని ఒకసారి చూశానండీ. లేదు. ఊరుకున్నాను,” అని తరువాత నాతో ఒప్పుకున్నాడు.

మార్చి నెలాఖరులో నన్ను సన్మానానికి పిలిచారు. కమిషనరు పరాంకుశం గారు శాలువా కప్పి, మైకు సర్దుకుని, పథకం పేరు ప్రకటించారు: ‘స్వేద దర్పణం.’

“ఇంతకాలం పని జరిగిందా లేదా అన్నది వీధిని చూసి నిర్ణయించే అశాస్త్రీయ విధానం అమలులో ఉండినది,” అన్నారు ఆయన. “వీధి శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఎవరో ఊడ్చినట్లు రుజువు కాజాలదు. అది గాలికి కూడా శుభ్రపడి ఉండవచ్చును. ఇకపై శ్రమ ఎక్కడ జనిస్తుందో అక్కడనే, అనగా కార్మికుని వీపు మీదనే, నమోదు చేయబడును.”

చప్పట్లు ఆగాక నేను లేచి అడిగాను. “ఎర్రదీపం వెలిగితే పని ఆపించాలి కదండీ?”

ఆయన చిన్నపిల్లకు చెప్పినట్టు మెత్తగా నవ్వారు. “మేడమ్, ఎర్రదీపం వెలిగిందంటే పని జరుగుతున్నట్లు. జరుగుతున్న పనిని ఆపించడానికైతే దీపం దేనికి?”

ఆ విధంగా, ప్రాణం పోబోతోందని చెప్పవలసిన దీపం హాజరు పట్టీ అయింది. ప్రాణానికి ప్రమాదం లేదని చెప్పవలసిన పచ్చదీపం సోమరితనానికి సాక్ష్యమైంది.

నియమాలు స్పష్టంగా ఉన్నాయి. ఊళ్లో తాత్కాలిక పారిశుధ్య కార్మికులు ముప్పై ఒక్కరు. ప్రభుత్వం మంజూరు చేసిన పర్మినెంటు ఉద్యోగాలు పన్నెండు. ఏప్రిల్ ఒకటి నుంచి అరవై రోజుల పాటు అందరూ ఈ చొక్కా తొడుక్కోవాలి, ఆడవాళ్లు చీర మీద. రోజుకు నాలుగు గంటలకు తగ్గకుండా ఎర్రదీపం వెలగాలి. అందరికంటే ఎక్కువ వెలిగిన పన్నెండు మందీ పర్మినెంటు. మూడు మెమోలు అందుకున్నవాళ్లు ఇంటికి. అంతకు ముందున్న సీనియారిటీ జాబితా రద్దయింది. దానిలో మొదటి పేరు ఎస్తేరమ్మది, పందొమ్మిదేళ్ల సర్వీసు.

అధికారులకు చొక్కాలు ఇవ్వలేదు. ఏసీ గదుల్లో వాళ్లకు చెమట పట్టదని సుందరశివరావు ఫైలులో సందేహం లేవనెత్తితే, కమిషనరు గారు స్వహస్తాలతో రాశారు: “అధికారుల శ్రమ మేధోపరమైనది. మేధోస్వేదము అంతర్ముఖముగా స్రవించును. కావున వారికి ప్రతిదినము ఎనిమిది గంటలు ఎర్రదీపము వెలిగినట్లే భావించవలెను.”

మొదటి రోజు ఉదయం నేను కూరగాయలకు వెళుతూ చేపల మార్కెట్టు దగ్గర ఆగాను. ఎస్తేరమ్మ అప్పటికి కాలవ మొత్తం తీసి, బురదను గట్టున కుప్ప పోసి, పార ఆనుకుని నిలబడి ఉంది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కాలరు కింద దీపం లేత చిగురులా పచ్చగా ఉంది. శానిటరీ ఇన్‌స్పెక్టరు మాలకొండయ్య చేతిలో పలక లాంటి పరికరం పట్టుకుని వచ్చాడు.

“ఏం ఎస్తేరూ, దీపం ఎలగలా?”

“కాలవ సూడండి సారూ. అద్దంలా ఉంది.”

“కాలవ సూసి నేనేం జేసుకోను? నన్నడిగేది దీపం సంగతి.”

“సెమట సూడండి మరి. పిండితే బక్కెట్టు నిండుద్ది.”

“సెమట కాదమ్మా. సెమటలో ఉప్పు కావాలంట వాళ్లకి.”

“ఉప్పే కావాలంటే కొట్లో దొరుకుద్దిగా సారూ. వొంట్లోంచి తియ్యడం దేనికి?”

గట్టు మీద ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. మాలకొండయ్య కూడా నవ్వాడు. సాయంత్రం ఆమెకు మెమో ఇచ్చాడు. అందులో ఇలా ఉంది: “మీ స్వేదము నిర్దేశిత ప్రమాణములకు అనుగుణముగా లేకపోవుటకు కారణములను మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలసినది.”

ఆ రోజే పథకం ప్రారంభానికి గుర్తుగా సుందరశివరావు ఒక చొక్కా తొడుక్కుని కార్యాలయం మేడమెట్లు ఎక్కాడు. మధ్యాహ్నం భోజనంలోకి ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి; ఎండకు అలవాటు లేని శరీరం. రెండో అంతస్తు చేరేసరికి ఎర్రదీపం కళ్లు చెదిరేలా వెలిగింది. ఎస్తేరమ్మ మూడు వందల గజాల కాలవ తీసి సాధించలేనిది ఆయన ఇరవై రెండు మెట్లతో సాధించాడు. ఫొటో నోటీసు బోర్డు మీదికెక్కింది.

ఎస్తేరమ్మ హాస్యానికి కూడా పర్యవసానం ఉంది. ఆమె అన్న మాట నవ్విన వాళ్లందరికీ ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. మర్నాడు తెల్లారి సైరన్ మోగేసరికి చాలామంది సంచుల్లో ఒక సీసా ఉంది. హాజరు వేసుకోవడం, ఉప్పునీళ్లు వీపు మీద గుమ్మరించుకోవడం, దీపం వెలగగానే పనిలోకి దిగడం. కొందరు దిగకుండా కూర్చునేవారు కూడా. దిగినా దిగకపోయినా అంకె ఒకటే. ఏప్రిల్ పదో తేదీకి పురపాలక సంఘం శ్రమ సూచిక నాలుగింతలు పెరిగింది. వీధుల్లో చెత్త కూడా పెరిగింది. చెత్త పెరుగుదలను “శ్రమకు లభ్యమైన అవకాశముల విస్తరణ”గా కమిషనరు గారు పై అధికారులకు నివేదించారు. రాజధాని నుంచి అభినందన లేఖ వచ్చింది.

ఎస్తేరమ్మ దీపం మాత్రం పచ్చగానే ఉంది.

“నువ్వు కూడా కాసిని ఉప్పునీళ్లు చల్లుకోరాదా ఎస్తేరమ్మా?” అన్నాను. ఒక శాస్త్రజ్ఞురాలు అనవలసిన మాట కాదు. కాని ఆమె ఉద్యోగం పోతోంది. నా పరికరం వల్ల పోతోంది.

ఆమె చీపురు గోడకు ఆనించింది. “పోయేనాడు ఆయన వొంటి మీద మిగిలింది ఉప్పేనమ్మా. కడగబోతే చర్మంతో పాటు వచ్చింది. దాన్ని నా చేత్తో నేను పూసుకోమంటావా?”



మే నెల మొదటి వారంలో ప్రభుదాసు అనే కొత్త కుర్రవాడి దీపం మూడు గంటలు ఆరకుండా వెలిగింది. అది సీసాలోని ఉప్పు కాదు, వాడి సొంత ఉప్పే. ఎండకు కొత్త శరీరం. మాలకొండయ్య వాడి భుజం తట్టి “శభాష్” అంటుండగానే వాడు మోకాళ్ల మీద కూలిపోయాడు. ఎస్తేరమ్మ వాణ్ణి చంకల కింద చేతులు వేసి రైసు మిల్లు వరండాలోకి ఈడ్చుకుపోయింది, చొక్కా విప్పింది, మిల్లు కుండలోని మంచినీళ్లు తాగించింది. “ఎర్రదీపం వస్తే కూకోవాలిరా సన్నాసీ! అమ్మగారు ఇది చేసిందే అందుకు,” అని తిట్టింది. దీపం ఆరింది. కుర్రవాడు బతికాడు.

దానికి ఆమెకు రెండో మెమో వచ్చింది: “విధి నిర్వహణలో ఉన్న సహోద్యోగి దీపమును ఆర్పివేసినందులకు.”

ఆ సాయంత్రం నేను నివేదిక పట్టుకుని కమిషనరు గారి గదికి వెళ్లాను. పాదసూచిక మీద వేలు పెట్టి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, గీత కిందికి మొదటిసారి దిగారు.

“మేడమ్, దీనికి ఫైలు నంబరు లేదే?”

“ఇది అదే పేజీ కదండీ.”

“పేజీ అదే. కాని గీత కింద ఉంది. గీత కింద ఉన్నది నివేదికలో భాగమా, నివేదికకు బయటి విషయమా అనేది విధానపరమైన ప్రశ్న. మీలాంటి పెద్దల మాట కాదనలేను. కమిటీ వేస్తాను.”

కమిటీలో ముగ్గురు సభ్యులు, నేను ఒకరిని. మొదటి సమావేశంలో, పైన రాసినావిడా కింద రాసినావిడా ఒకరేనని నోటరీ ప్రమాణపత్రం ఇమ్మని నన్ను అడిగారు. ఇచ్చాను. రెండో సమావేశంలో పాదసూచికను బిగ్గరగా చదివారు. కమిషనరు గారు ఒక మాట దగ్గర చెయ్యెత్తి ఆపారు.

“ఏమన్నారు? ఉప్పును... దాచుకోవడం?”

“అవునండి. మూత్రపిండాలూ చెమట గ్రంథులూ కలిసి ఉప్పును శరీరంలో నిలిపి ఉంచుతాయి. లేకుంటే అంత ఎండలో మనిషి బతకడు.”

“అంటే ఎస్తేరు అనే ఉద్యోగిని, పని వేళల్లో, యూనిఫారం ధరించి ఉండగా, తన శరీరంలో ఉప్పు దాచుకుంటున్నదని మీరు ధ్రువీకరిస్తున్నారు.”

“శరీరధర్మంగా, అండి.”

“ధర్మాలు మనకెందుకు మేడమ్. సుందరశివరావ్, రాసుకో. విధి నిర్వహణలో ఉత్పన్నమైన లవణమును సదరు ఉద్యోగిని పందొమ్మిది సంవత్సరములుగా దాచుకొనుచున్నట్లు నిపుణుల నివేదిక ద్వారా రుజువైనది.”

సుందరశివరావు కలం పట్టుకుని నా వైపు చూశాడు. రాశాడు. అది మూడో మెమో. నా పాదసూచికకు ఆ రోజు ఫైలు నంబరు వచ్చింది.

మూడు మెమోలు అయ్యాయి గనుక, ఫలితాలు ప్రకటించిన మర్నాటి నుంచి ఎస్తేరమ్మ పనిలోకి రానక్కరలేదని తేలింది. కాగితం ఆమెకు నేనే చదివి వినిపించాను. “దాచుకున్నానంటనా?” అని రెండుసార్లు అడిగింది. తరువాత, “పందొమ్మిదేళ్లు దాచుకుంటే ఇంట్లో ఒక బస్తా ఐనా ఉండాలిగదమ్మా, వచ్చి సూసుకోమను,” అంది. నవ్వలేదు.

జూన్ ఐదో తేదీన పురపాలక సంఘం ఆవరణలో షామియానా వేసి ఫలితాల సభ పెట్టారు. రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. కార్మికులంతా శుభ్రమైన చొక్కాలతో వరసగా కూర్చున్నారు. ఎస్తేరమ్మ చివరి వరసలో ఉంది. పన్నెండో స్థానం నుంచి రెండో స్థానం దాకా పేర్లు చదివారు. ఆమె పేరు రాలేదు.

కమిషనరు గారి గొంతు గంభీరమైంది. “ఇక ప్రథమ స్థానం. అరవై రోజులలో ఒక్క దినము కూడా సెలవు పెట్టక, ఆదివారములు సైతము, సగటున దినమునకు పదకొండు గంటలు ఎర్రదీపము వెలిగించిన కర్మయోగి. నలభై ఏడో నంబరు చొక్కా. శ్రీ గద్దల యోహాను గారిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాము.”

చప్పట్లు మొదలై, ముందు వరసలో కొనసాగి, వెనక వరసల్లో ఆగిపోయాయి. కార్మికులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎస్తేరమ్మ లేచింది. కొంగు నడుముకు చుట్టుకుని, కుర్చీల మధ్య నుంచి నడిచి వేదిక ముందు నిలబడింది.

“ఆయన రాడండీ.”

“ఏమ్మా, ఇప్పుడు కూడా డ్యూటీలో ఉన్నారా?” అన్నారు పెద్ద అధికారి, మెచ్చుకోలుగా.

“సచ్చిపోయి రెండేళ్లయిందండీ.”

కమిషనరు గారు చేతిలోని కాగితం చూశారు, ఆమెను చూశారు, మళ్లీ కాగితం చూశారు. “అమ్మా, రికార్డు ప్రకారం నిన్న సాయంత్రం ఐదు గంటల వరకు ఆయన చెమటోడ్చారు.”

“నేనే పూడ్చిపెట్టానండీ. ఎవరోడ్చారో మీరే సెప్పాలి.”

ఇది ఎలా జరిగిందో నేను తరువాత విచారించి తెలుసుకున్నాను. విధి నిర్వహణలో మరణించాడని రాస్తే విచారణ జరుగుతుంది గనుక యోహానును పట్టీలో ‘దీర్ఘకాలిక గైర్హాజరు’ అని ఉంచారు. పట్టీలో పేరుంది గనుక అక్కడి వరస నంబరుతోనే చొక్కా వచ్చింది. వచ్చిన ప్రతి చొక్కా నుంచీ అంకె రావాలి. రాకపోతే మెమో మాలకొండయ్యకు. ఆయన ఆ చొక్కాను ఒకసారి తడిపి పురపాలక యార్డు వెనక గోడ మీద ఆరవేసి మరచిపోయాడు. గోడ అవతల ఉప్పు కొటార్లు. సముద్రపు గాలి ఉప్పు ధూళిని తెచ్చి చొక్కా మీద చల్లేది; తేమ దాన్ని కరిగించేది; దీపం వెలిగేది. లోపల మనిషి లేకపోవడం ఆ చొక్కాకు అడ్డు కాకపోగా, మధ్యాహ్న భోజనం, విశ్రాంతి వంటి అంతరాయాలు కూడా తప్పాయి.

బహుమతి రద్దు చేస్తే పథకం తప్పని ఒప్పుకోవాలి. అప్పటికే ఏడు పట్టణాలకు పథకాన్ని విస్తరిస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. పెద్ద అధికారి కారెక్కే ముందు ఒక్క మాట అన్నారట: “రికార్డును వ్యక్తులు ఖండించజాలరు.” ఆ విధంగా యోహాను పర్మినెంటు అయ్యాడు.

మర్నాడు ఉదయం సుందరశివరావు మా ఇంటికి వచ్చాడు. అంతకు ముందు ఆయన ఎప్పుడూ రాలేదు. కాఫీ ముట్టుకోలేదు.

“నేను ఆ గీత కింద చదివి ఉంటే ఇదంతా ఉండేది కాదండీ,” అన్నాడు. “నిద్ర పట్టక సర్వీసు రూల్సు తిరగేశాను. పర్మినెంటు ఉద్యోగి సర్వీసులో ఉండగా పోతే భార్యకు కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇచ్చి తీరాలి. దానికి చెమట పరీక్ష లేదు. పాత మెమోలు అడ్డం రావు.”

“అయితే?”

“యోహాను గారు ఇప్పుడు పోతే అన్నీ కలుస్తాయండీ.”

ఆయన ఆ మాట తల దించుకుని అన్నాడు. తరువాత ఇద్దరం ఎస్తేరమ్మ దగ్గరికి వెళ్లాం.

ఆమె అంతా విని, “ఒకసారి సచ్చినోణ్ణి మళ్లీ సావమంటారా సారూ?” అంది. తరువాత, “అప్పుడు ఆయన పోయాడని మీ పుస్తకంలో రాస్తారా?” అని అడిగింది.

“రాస్తామమ్మా. విధి నిర్వహణలో అని రాస్తాం.”

“ఐతే కానీయండి.”

పాత మరణ ధ్రువపత్రం పనికిరాదన్నారు. అందులో తేదీ రికార్డుతో విభేదించింది. మరణం కూడా స్వేద దర్పణం ద్వారానే నిర్ధారణ కావాలి: తడి చొక్కా మీద పదిహేను నిమిషాల పాటు ఉప్పు శూన్యం ఉండాలి. చొక్కాను ఉతికితే సరిపోతుందనుకున్నాం. మాలకొండయ్య సమక్షంలో యార్డు కుళాయి కింద ఎస్తేరమ్మ దాన్ని ఉతికింది. దీపం ఎర్రగానే ఉంది. ఇంకోసారి జాడించింది. ఎర్రగానే ఉంది. అది మన్నేరుపాడు కుళాయి. యోహాను ఆ నీళ్లలో చావడు.

కమిషనరు గారి ముందు ఒక ధర్మసంకటం నిలిచింది. ఉతికిన చొక్కాలో ఉప్పు ఉందంటే, మనిషైనా బతికి ఉండాలి, లేదా కుళాయి నీళ్లైనా ఉప్పగా ఉండాలి. ఆయన తల ఎత్తి గోడ మీది ‘మధుర జల పురస్కారం’ వైపు చూశారు. “ఉద్యోగి జీవించియే ఉన్నట్లు భావించవలెను,” అని రాశారు.

మూడుసార్లు ఉతికినా ఆయన బతికే ఉన్నాడు. చివరకు నేను విశ్వవిద్యాలయానికి ఫోన్ చేసి ప్రయోగశాల నుంచి నాలుగు డబ్బాల డిస్టిల్డ్ వాటర్ తెప్పించాను. ఉప్పు గాని, సున్నం గాని, మరే మలినం గాని లేని నీరు.

జూన్ ఇరవై ఆరో తేదీ ఉదయం యార్డులో అందరం చేరాం. ఎస్తేరమ్మ కొత్త ప్లాస్టిక్ బకెట్టు తెచ్చింది. మొదటి డబ్బా మూత తీసి వంచగానే నీళ్లు చప్పుడు లేకుండా దిగాయి; అడుగున బకెట్టు రంగు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఆమె చొక్కాను ముంచి, రెండు చేతులతో మెల్లగా పిసికింది, బిడ్డకు నీళ్లు పోస్తున్నట్టు. నీళ్లు పారబోసి రెండో డబ్బా పోసింది. తరువాత మూడోది. మాలకొండయ్య పరికరం చూస్తూ నిలబడ్డాడు. సుందరశివరావు టోపీ లేకుండా ఎండలో నిలబడ్డాడు.

నాలుగో డబ్బాకు ఎర్రదీపం ఒకసారి రెపరెపలాడి ఆరింది. పచ్చగా వెలిగింది. పదిహేను నిమిషాలు పరికరం మీద సున్నాయే కనిపించింది.

“పదకొండు ఇరవై,” అన్నాడు మాలకొండయ్య గొంతు తగ్గించి. పుస్తకంలో రాసుకున్నాడు: “గద్దల యోహాను, పర్మినెంటు పారిశుధ్య ఉద్యోగి. విధి నిర్వహణలో మరణించెను.” సుందరశివరావు చదివి, కింద సంతకం పెట్టాడు. అడ్డగీత గీయలేదు.

ఎస్తేరమ్మ ఆ పేజీ వంక చూసింది. ఆమెకు చదువు రాదు. భర్త పేరు మాత్రం గుర్తుపడుతుంది. తరువాత డబ్బా అడుగున మిగిలిన రెండు గుక్కల నీళ్లను అరచేతిలోకి ఒంపుకుంది.

“ఎంత తేటగా ఉన్నాయమ్మా,” అంది. “ఆ రోజు ఒక్క గ్లాసు సరిపొయ్యేది.”

మాలకొండయ్య దగ్గి, గోడ వైపు చెయ్యి చూపించాడు. “ఆ సొక్కా గోడ మీద ఎయ్యి ఎస్తేరూ. ఎండకి తొందరగా ఆరుద్ది. మళ్లీ స్టోరుకి జమ సెయ్యాల.”

“ఎండలో వొద్దు సారూ,” అంది ఆమె. నలభై ఏడో నంబరు చొక్కాను గట్టిగా పిండకుండా, నీళ్లు కారుతుండగానే రెండు చేతుల మీద వేసుకుని, యార్డు దాటి, వరండా నీడలోకి తీసుకుపోయింది.